ఇంటి కన్నుకు యజమాని ఎవరు?

(రేడియో మహిళా కార్యక్రమంలో చదివిన ప్రసంగం)



వెనకటి రోజుల్లో ఊరికి వెళ్ళాలంటే ఇంటికి తాళం వేసి, చెవి పక్కింటివారి చేతిలో పెట్టి, "వదినగారూ, కాస్త మా ఇల్లు కనిపెట్టి ఉండండి" అని చెప్పి బండెక్కేవాళ్ళం. ఆ వదినగారి కన్నే మన ఇంటికి కాపలా. ఇప్పుడు వదినగారు కూడా ఉద్యోగానికి వెళ్ళిపోతున్నారు. అంచేత ఆవిడ కంటికి బదులు గోడమీద ఒక గాజుకన్ను వచ్చి కూర్చుంది. దాన్నే సి.సి. కెమెరా అంటున్నాం. అందులోనూ ఇంట్లోని వైఫైకి కలుపుకుని, మనం ఎక్కడున్నా ఫోన్‌లో చూసుకునే రకాన్ని నెట్‌వర్క్ కెమెరా అనీ, ఐ.పి. కెమెరా అనీ పిలుస్తారు. అలాంటి కెమెరాను ఇంట్లో అమర్చుకోవడం ఎలాగ, అమర్చుకున్నాక దాన్ని మన చేతిలో ఉంచుకోవడం ఎలాగ అన్న విషయం మీద ఇవాళ నాలుగు మాటలు చెబుతాను.

"ఇవన్నీ మగవాళ్ళు చూసుకునే వ్యవహారాలు కదండీ" అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. పదో తరగతితో చదువు ఆపినదాన్ని. కానీ మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి నా అభిప్రాయం మార్చేసింది. ముందు అది చెబుతాను.

కిందటేడు మా వీధిలో వరసగా రెండిళ్ళలో దొంగలు పడ్డారు. ఒకరింట్లో నీళ్ళ మోటారు, ఇంకొకరింట్లో పెరట్లో పెట్టిన ఇత్తడి గంగాళం పోయాయి. మావారు మర్నాడే బజారుకి వెళ్ళి ఒక కెమెరా కొనుక్కొచ్చారు. అటూ ఇటూ తల తిప్పే రకం. కొట్టు కుర్రాడు వచ్చి అరగంటలో బిగించేశాడు. బయట పెడితే వానకి తడుస్తుందని హాల్లో, వీధి గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడమీద పెట్టాడు. ముందు తన ఫోన్‌లో ఏదో నొక్కాడు, తరవాత మావారి ఫోన్‌లో బొమ్మ కనబడేలా చేశాడు. "పాస్‌వర్డ్ ఏమిటి బాబూ?" అనడిగితే, "ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలేనమ్మా, మీరు మరిచిపోరు" అన్నాడు. "ఏదైనా తేడా వస్తే ఫోన్ చెయ్యండి, నేను అక్కణ్ణించే చూసి సరిచేసేస్తాను" అని భరోసా కూడా ఇచ్చాడు. ఎంత మంచి కుర్రాడో అనుకుని కాఫీ ఇచ్చి పంపించాను.

నెల్లాళ్ళు గడిచాయి. మా అత్తయ్యగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. సాయంత్రం పూట హాల్లో చాప వేసుకుని, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి తీసుకుని, కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె మోకాళ్ళకి రాసుకోవడం ఆవిడ అలవాటు. ఒకరోజు చూద్దును కదా, నూనె గిన్నె పట్టుకుని వంటింట్లో, స్టవ్ పక్కన, ఆ ఉక్కలో కూర్చుని రాసుకుంటున్నారు.

"ఇక్కడెందుకు కూర్చున్నారత్తయ్యా, హాల్లో ఫ్యానుందిగా" అన్నాను.

"హాల్లో అది చూస్తూ ఉంటుందే అమ్మాయ్. నేను ఇటు జరిగితే ఇటు, అటు జరిగితే అటు తల తిప్పుతుంది. అవతల ఎవరు చూస్తున్నారో ఏమో" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. "మీ అబ్బాయి తప్ప ఇంకెవరు చూస్తారండీ" అన్నాను. అన్నానే గానీ, ఆ మాట నిజమో కాదో నాకే తెలియదన్న సంగతి రాత్రి పడుకున్నాక తట్టింది.

మర్నాడు ఇంటర్ చదువుతున్న మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళ నాన్న ఫోన్‌లో ఆ కెమెరా తాలూకు సెట్టింగులు ఒక్కొక్కటీ చదివించాను. తల తిప్పడానికి కారణం దొరికింది. కదిలే మనిషి వెంట తిరిగే ఏర్పాటు ఒకటి అందులో ఉంది, ట్రాకింగ్ అంటారు. అంతవరకు బాగానే ఉంది. ఇంకో పేజీ దగ్గర వాడు ఆగిపోయాడు. "అమ్మా, దీనికి ఓనరు నాన్న కాదే" అన్నాడు. కొట్టు కుర్రాడు కెమెరా ఖాతాను తన పేరునే తెరిచాడు. మావారి ఫోన్‌కి చూసుకునే అనుమతి మాత్రం ఇచ్చాడు. అంటే మా ఇంటి కన్నుకు యజమాని అతను. మేము చుట్టపుచూపుగా వచ్చి చూసిపోయేవాళ్ళం!

మావారు కొట్టుకి వెళ్ళి అడిగితే, "అందరికీ అలాగే చేస్తాం సార్, మాటిమాటికీ ఇంటికి రానక్కర్లేకుండా" అన్నాడట. అతని ఫోన్‌లో వరసగా ఎన్నో ఇళ్ళ పేర్లు ఉన్నాయట. మాది తీసేశాడు. అతనిది చెడ్డబుద్ధి అని నేననను. మా ఇంట్లోకి ఒక్కసారైనా తొంగిచూశాడో లేదో దేవుడికే తెలియాలి. కానీ చూడాలనుకుంటే చూడగలడు. అది చాలదూ?

అంతకంటే నన్ను బాధపెట్టింది మరొకటుంది. నెల్లాళ్ళుగా అత్తయ్యగారు ఆ ఉక్కలో కూర్చుంటే నేను గమనించనే లేదు. ఇంట్లో కెమెరా చూస్తోంది కదా అని మనం చూడ్డం మానేస్తాం కాబోలు.

సరే, ఇక అసలు పనిలోకి వద్దాం. ఆ తరవాత మేము అంతా మొదటినుంచి మళ్ళీ అమర్చుకున్నాం. ఆ క్రమం చెబుతాను. వీలుంటే కాగితమూ పెన్సిలూ దగ్గర పెట్టుకోండి.

మొదటిది చోటు. కెమెరా చూడవలసింది వచ్చేవాళ్ళని, ఉండేవాళ్ళని కాదు. కనుక దాని చోటు గేటు, వాకిలి, పెరటి తలుపు. పడకగదిలోకి గానీ, స్నానాలగది వైపు గానీ దాని చూపు పోనే కూడదు. బయట పెట్టదలిస్తే వానకి ఆగే రకం కొనాలి. డబ్బా మీద ఐ.పి. 66 అని ఉంటే దుమ్ముకీ, వాన జల్లుకీ తట్టుకుంటుందని అర్థం. ఈ ఐ.పి. వేరు, ఐ.పి. కెమెరాలో ఐ.పి. వేరు, తికమక పడకండి. ఎత్తు ఎనిమిది, తొమ్మిది అడుగులుంటే చాలు. మరీ పైన పెడితే మొహాలు కనబడవు, నడినెత్తులే కనబడతాయి. ఎండ సూటిగా పడే వైపు పెట్టకండి. కిటికీ అద్దం వెనకనించి బయటికి చూసేటట్టూ పెట్టకండి. రాత్రిపూట ఈ కెమెరా మన కంటికి ఆనని పరారుణ కాంతిని విసిరి చూస్తుంది. ఆ కాంతి అద్దానికి తగిలి వెనక్కి కొట్టి, తెల్లటి మంట తప్ప ఏమీ కనబడదు. దగ్గరగా పూలకుండీ ఉన్నా, సాలెగూడు పట్టినా అంతే. వారానికోసారి బూజు కర్రతో చుట్టూ, మెత్తటి గుడ్డతో అద్దం తుడవండి. ఎదురింటి వారి గుమ్మం మీదకి చూపు పోతుంటే, ఆ భాగాన్ని నల్లగా కప్పే ఏర్పాటు చాలా కెమెరాల్లో ఉంటుంది. కప్పేయండి. వాళ్ళూ మనలాంటి ఆడవాళ్ళే కదా.

రెండోది ఖాతా. ఇది అన్నిటికంటే ముఖ్యం. కెమెరాతోపాటు వచ్చే యాప్‌ను మన ఫోన్‌లో మనమే దింపుకుని, మన నంబరుతో మనమే ఖాతా తెరవాలి. బిగించే మనిషి మేకులు కొట్టాలి, వైరు లాగాలి, అంతవరకే. "ఆలస్యమవుతుందమ్మా, నా ఫోన్‌లో చేసేస్తాను" అంటే, "ఫరవాలేదు బాబూ, ఆలస్యమే కానీ" అనండి. పాత కెమెరా అయితే వెనక చిన్న బెజ్జంలో పిన్నీసు పెట్టి పది సెకన్లపాటు నొక్కితే పాత అమరికలు పోయి కొత్తదానిలా అవుతుంది. కానీ చాలా రకాల్లో పాత ఖాతా వారు తమ ఫోన్‌లోంచి తొలగించనిదే కెమెరా కొత్త ఖాతాకి ఎక్కదు. అందుచేత ఎవరి దగ్గరైనా పాతది కొనేటప్పుడు, వాళ్ళ ఎదుటే తొలగింపించుకుని మరీ డబ్బివ్వండి.

మూడోది వైఫైకి కలపడం. యాప్ మన వైఫై పేరూ పాస్‌వర్డూ అడిగి, ఫోన్ తెరమీద ఒక గళ్ళ బొమ్మ చూపిస్తుంది. క్యూ.ఆర్. కోడ్ అంటారు. కొన్ని రకాల్లో ఆ బొమ్మను కెమెరా కంటి ముందు పెడితే అదే చదువుకుంటుంది. "కలవడం లేదు" అని చాలామంది విసుక్కునేది ఇక్కడే. కారణం సాధారణంగా ఒకటే. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ అనీ, 5 గిగాహెర్ట్జ్ అనీ రెండు దార్లున్నాయి. చవక కెమెరాలు చాలావాటికి మొదటి దారే తెలుసు. 5 వేగంగా పోతుంది గానీ గోడలు దాటడంలో బలహీనం. ఫోన్‌ను కూడా 2.4 దారిలో పెట్టి ప్రయత్నించండి, కలుస్తుంది.

కలిశాక రౌటర్ దానికొక నంబరిస్తుంది. 192.168 తో మొదలయ్యే ఆ నంబరే ఐ.పి. అడ్రసు. పంక్తిలో వడ్డించే మనిషికి ఎవరి విస్తరి ఎక్కడుందో తెలియాలి కదా, అలాంటిదే ఇది. మూడు నాలుగు కెమెరాలుండి, అన్నిటి బొమ్మలూ ఒక రికార్డరు పెట్టెలో చేరుతున్నప్పుడు, ఫలానా పీట ఫలానావారిదే అన్నట్టు ఒక్కొక్కదానికి స్థిరంగా ఒక నంబరు కేటాయించమనండి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు పీటలు మారిపోయి, పెట్టె వెతుక్కుంటుంది. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు గోడలు లేచేటప్పుడే కెమెరా వైరుకి పైపు వేయించుకోండి. ఒకే కేబుల్‌లో బొమ్మా, కరెంటూ రెండూ పోయే ఏర్పాటు ఉంది. నూరు మీటర్ల దాకా పనిచేస్తుంది. వైఫై కంటే నమ్మకమైనది.

నాలుగోది పాస్‌వర్డ్. పిల్లల పుట్టినరోజులూ, ఫోన్ నంబర్లూ వద్దు. సంబంధం లేని మూడు నాలుగు మాటలు కలిపి, మధ్యలో ఒక అంకె పెట్టండి. మన వంటింట్లోనూ పెరట్లోనూ ఉన్న వస్తువుల పేర్లే చాలు, ఏ దొంగా ఊహించలేడు. దాన్ని ఎక్కడా వాడని కొత్త పాస్‌వర్డుగా ఉంచండి. మరిచిపోతామని భయమైతే పుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోండి. తప్పు లేదు. కెమెరా మీద చీటీ అంటించడం తప్పు. రెండంచెల తనిఖీ అని, కొత్త ఫోన్‌లోంచి తెరిస్తే మన నంబరుకి ఓ.టి.పి. వచ్చే ఏర్పాటుంటే అదీ పెట్టేయండి. వైఫై రౌటర్‌కి కూడా కొన్నప్పుడు వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి. యు.పి.ఎన్.పి. అని రౌటర్‌లో ఒక అమరిక ఉంటుంది. ఇంట్లోని యంత్రాలు మనల్ని అడక్కుండానే బయటికి తలుపు తెరుచుకునేందుకు అది. తెలిసినవారి చేత మూయించండి.

పాస్‌వర్డ్ గురించి ఇంత చెప్పడానికి కారణముంది. 2016లో మిరాయ్ అనే పురుగు ఒకటి ఇంటర్నెట్‌లో తిరిగింది. దానికి పెద్ద తెలివితేటలేమీ లేవు. కంపెనీలు తమ కెమెరాలకి, రికార్డర్లకి పెట్టి పంపే అరవై పైచిలుకు మామూలు పాస్‌వర్డుల జాబితా దగ్గర పెట్టుకుని, కనబడిన ప్రతి తలుపునీ తట్టి చూసింది. లక్షలాది యంత్రాలు తెరుచుకున్నాయి. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి యంత్రాలన్నీ ఒక్కుమ్మడిగా ఒక అమెరికా కంపెనీ మీద పడేసరికి, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటలకొద్దీ అందలేదు. ఆ పురుగును తయారుచేసినది ముగ్గురు కుర్రాళ్ళు. 2017 డిసెంబరులో కోర్టులో ఒప్పుకున్నారు. తమ ఇంటి కెమెరా ఆ దండులో చేరిందని ఆ ఇంటివాళ్ళకి తెలియనే తెలియదు. ఇలాంటివి చూశాకే బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి సులువుగా ఊహించగల మామూలు పాస్‌వర్డులతో యంత్రాలు అమ్మకూడదని చట్టం వచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2024 ఏప్రిల్‌లో సి.సి. కెమెరాల భద్రతకు నిబంధనలు ప్రకటించింది. కొనేటప్పుడు బి.ఐ.ఎస్. గుర్తు చూసి కొనండి. చట్టం ఎంత చేసినా, ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు పెట్టుకుంటే మాత్రం మనల్ని ఎవరూ కాపాడలేరు.

అయిదోది గడియారం. చిన్న విషయమనుకోకండి. కెమెరాలో మన దేశపు సమయం ఎంచకపోతే అది ఏ చైనా సమయమో చూపిస్తుంది. వాళ్ళు మనకంటే రెండున్నర గంటలు ముందు. ఉదయం అయిదింటికి పాలబ్బాయి వస్తే అందులో ఏడున్నర అని పడుతుంది. రేపు దొంగతనం జరిగి పోలీసులకి చూపించవలసి వస్తే, తప్పు గంట ఉన్న బొమ్మతో ఎంత తంటా! అందుచేత తారీఖూ, గంటా సరిచూసుకోండి.

ఆరోది కార్డు. బొమ్మలు కెమెరాలో పెట్టే చిన్న మెమరీ కార్డులో చేరతాయి. సెకనుకి ఒక మెగాబిట్ చొప్పున రాస్తే రోజుకి సుమారు 11 జీబీ అవుతుంది. అంటే 64 జీబీ కార్డు అయిదారు రోజులకి నిండుతుంది. నిండాక పాతది చెరిపి కొత్తది రాస్తుంది. కాబట్టి ఏదైనా జరిగిందని తెలిసిన వెంటనే ఆ ముక్కను ఫోన్‌లోకి దింపుకోండి. పండక్కి ఊరెళ్ళి పదిరోజుల తరవాత వచ్చి వెతికితే ఉండదు. రాత్రింబవళ్ళు రాసే పనికి గట్టి రకం కార్డులు వేరే అమ్ముతారు, అవే తీసుకోండి. కరెంటు పోతే కెమెరా గుడ్డిది. రౌటర్‌కీ, కెమెరాకీ ఇన్వర్టరు కనెక్షన్ ఇప్పించండి.

ఏడోది హెచ్చరికలు. ఏది కదిలినా ఫోన్ మోగేటట్టు పెడతారు. పిల్లి వస్తే ఒకటి, వేపకొమ్మ ఊగితే ఒకటి. మూడో రోజుకి విసుగెత్తి అన్నీ ఆపేస్తాం. నాన్నా పులి కథే. అలా కాకుండా గేటు మేరకే గీత గీసి, మనిషి కదిలితేనే చెప్పమనండి. రోడ్డును వదిలేయండి.

ఎనిమిదోది చెవి. అవునండీ, దీనికి కన్నే కాదు, చెవి కూడా ఉంది. అరుగు మీద మనం చెప్పుకునే కష్టసుఖాలన్నీ కార్డులో పడతాయి. అవసరం లేకపోతే మాటల రికార్డింగు ఆపేయండి.

ఇక ఆఖరిది, నెలకోసారి చేయవలసినది. పౌర్ణమికో, జీతాల రోజుకో గుర్తు పెట్టుకుని, యాప్ తెరిచి ఎవరెవరికి చూసే అనుమతి ఉందో ఆ జాబితా చదవండి. తెలియని పేరుంటే తీసేయండి. కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఇస్తే వేయించండి. ఒకసారి పాత బొమ్మ తెరిచి, నిజంగా రికార్డు అవుతోందో లేదో చూసుకోండి.

కెమెరా వద్దని నేననడం లేదు. తెలుగునాట వీధి కెమెరాల వల్ల పట్టుబడ్డ దొంగలు ఎంతమందో. హైదరాబాదులో పోలీసులు "నేను సైతం" అని పేరుపెట్టి, కాలనీలవారి చేత కెమెరాలు పెట్టించారు. వీధి మీద కన్ను మంచిదే. ఇంటి మనుషుల మీద కన్నే ఆలోచించవలసినది.

మా పిన్నిగారు ఊళ్ళో ఒంటరిగా ఉంటారు. అమెరికాలో ఉన్న కొడుకు అమ్మ పడిపోతుందేమోనని భయపడి మూడు గదుల్లోనూ కెమెరాలు పెట్టించాడు. వాడి ప్రేమని తప్పుపట్టను. కానీ ఆవిడ నాతో ఏమన్నారో తెలుసా? "వాడు రోజూ చూస్తాడే, మాట్లాడ్డం తగ్గించాడు" అన్నారు. కనబడుతోంది కదా, బాగానే ఉంది అనుకుంటాడు కాబోలు. పిల్లలూ, పెద్దవాళ్ళ ఇంట్లో కెమెరా పెట్టేటప్పుడు ముందు వాళ్ళని అడగండి. ఏ గదిలో పెట్టాలో వాళ్ళనే చెప్పనివ్వండి. తరవాత ఫోన్ చెయ్యడం మాత్రం మానకండి.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా మేము మొదట చెప్పలేదు. ఆమె ఏమీ అనలేదు గానీ, తలెత్తి దాన్ని చూసినప్పుడు ఆ మొహం చూసి నాకే సిగ్గేసింది. ఇంట్లో తిరిగే ప్రతివారికీ "ఇక్కడ కెమెరా ఉంది, ఇది ఇంతవరకే చూస్తుంది" అని చెప్పడం మర్యాద. మనిషికి తన ఏకాంతం తన హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. ఆడవాళ్ళు తమ ఏకాంతంలో ఉండగా దొంగచాటుగా చూడ్డం, బొమ్మ తీయడం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ప్రకారం నేరం. అద్దె ఇంట్లోనో, హోటలు గదిలోనో, బట్టల కొట్లోనో అలాంటిది కనబడితే సిగ్గుపడి ఊరుకోకండి. సిగ్గుపడవలసింది మనం కాదు. పోలీసులకి చెప్పండి.

ఇంతకీ మా ఇంటి సంగతి. ఇప్పుడు హాల్లో కెమెరా లేదు. వానకి ఆగే రకం ఒకటి కొని వాకిట్లో పెట్టాం. అది గేటును చూస్తుంది. ఖాతా నా ఫోన్ నంబరు మీద ఉంది. పాస్‌వర్డ్ బీరువాలో, చీరల కింద, నా పద్దుల పుస్తకంలో ఉంది. అత్తయ్యగారు మళ్ళీ హాల్లో ఫ్యాను కింద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నారు. గేటు చప్పుడైతే, "అమ్మాయ్, ఎవరొచ్చారో ఆ ఫోనిలా తే, నేనూ చూస్తాను" అంటున్నారు.

మీ ఇంట్లో కూడా కెమెరా ఉంటే, ఈ కార్యక్రమం అయిపోగానే దాని ఓనరు పేజీ ఒక్కసారి తెరిచి చూడండి. అక్కడ ఎవరి పేరుందో చదవండి. బీరువా తాళంచెవి మన కొంగున ఉన్నట్టే, ఇంటి కన్ను తాళంచెవి కూడా ఇంటివాళ్ళ కొంగునే ఉండాలి.